జాగ్రత్త: విశాఖలో ‘ఇన్సులేషన్ ఫిట్టర్ కోర్సు + గల్ఫ్ వీసా’ ప్యాకేజీకి డబ్బు కట్టేముందు చూసుకోవలసినవి

గాజువాక, ఆటోనగర్, కూర్మన్నపాలెం వైపు గోడల మీదా వాట్సాప్ గ్రూపుల్లోనూ ఒక తరహా ప్రకటన తిరుగుతూ ఉంటుంది. నలభై అయిదు రోజుల ట్రైనింగు, సర్టిఫికెట్, ఆ వెంటనే సౌదీనో ఖతరో ఉద్యోగం, అన్నీ కలిపి ఒకే రేటు. శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చే కుర్రాళ్లు వీటికే ఎక్కువగా చిక్కుతున్నారు. ఇన్సులేషన్ పని, అంటే వేడి, చల్లటి పైపులకు ఉన్నో రబ్బరో చుట్టి పైన రేకు వెయ్యడం, మంచిదే, చేతిలో పని ఉన్నవాడికి కూడు పెడుతుంది. మోసమంతా కోర్సునూ వీసానూ ఒకే మూటగా కట్టి అమ్మడంలో ఉంది. రెండూ కలిపి అమ్ముతున్నారంటే, కోర్సులో నేర్పేది ఏమీ లేదు గనుకే వీసా ఆశ చూపిస్తున్నారని అర్థం చేసుకోండి.

ముందు కోర్సు సంగతి. ఇన్సులేషన్ ఫిట్టర్ విలువ రాక్‌వుల్ (రాతి ఉన్ని) చుట్టడంలో లేదు. మ్యాట్రెస్ చుట్టి, వైరు బిగించి, జాలీ కుట్టడం చురుకైన హెల్పర్‌కు వారం రోజుల్లో వస్తుంది. విలువంతా పైన వేసే అల్యూమినియం రేకు కటింగులో ఉంది. సంస్థ లోపలికి వెళ్లి ఒక్క ప్రశ్న అడగండి: నాలుగు అంగుళాల పైపుకు 50 మిల్లీమీటర్ల ఇన్సులేషన్ వేస్తే రేకు ఎంత వెడల్పు కొయ్యాలి? నాలుగు అంగుళాల పైపు బయటి కొలత 114.3 మిల్లీమీటర్లు. రెండు వైపులా 50 చొప్పున కలిపితే 214.3. దాన్ని 3.1416తో గుణిస్తే చుట్టుకొలత సుమారు 673, ల్యాప్‌కు (ఒక అంచు మీద ఇంకో అంచు ఎక్కడానికి) 50 కలిపితే 723. ఈ లెక్క బోర్డు మీద వెయ్యలేని మాస్టారు ఎల్బో (పైపు వంపు) కటింగ్ నేర్పలేడు.

ఎల్బోనే అసలు పరీక్ష. అదే లైనులో లాంగ్ రేడియస్ బెండుకు, రెండు చివర్ల సగం ముక్కలూ మధ్యలో అయిదు పూర్తి ముక్కలూ పెట్టి రేకు దించితే, ఒక్కో పూర్తి ముక్క బయటి వీపు మీద దాదాపు 68 మిల్లీమీటర్లు ఉంటుంది, లోపలి మెడ దగ్గర 12 మాత్రమే. బీడింగుకూ (రేకు అంచున తీసే ఉబ్బెత్తు గీత) ల్యాప్‌కూ కావలసింది దీనికి అదనం. ఆ 12 దగ్గరే కొత్తవాళ్ల చెయ్యి తప్పుతుంది: ముక్కలు ఒకదానిలో ఒకటి కూర్చోవు, నోరు తెరుచుకుంటాయి, వాటిని సీలెంట్ పూసి కప్పేస్తారు. గల్ఫ్ కంపెనీ ట్రేడ్ టెస్టులో చాలాచోట్ల చేయించేది ఇలాంటి ఎల్బో, టీ (మూడు దారుల జాయింటు), రెడ్యూసర్లే (పైపు సైజు మారే చోటు). కాబట్టి రోలింగ్ మిషన్, బీడింగ్ మిషన్, కత్తెరలు, రేకు షీట్లు కంటికి కనపడాలి. బ్యాచ్‌లో ఒక్కొక్కరికి ఎన్ని షీట్లు పాడుచేసుకోవడానికి ఇస్తారో అడగండి. రేకు ఖరీదైన సరుకు. ప్రొజెక్టర్ మీద బొమ్మలు చూపించి సరిపెట్టే చోట ఆ ఖర్చే మిగులుతుంది.

చల్లటి లైన్ల పని నేర్పుతున్నారా అనేదీ చూడాలి. మన దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్లు, కోల్డ్ స్టోరేజీలు, పరవాడ ఫార్మా సిటీ, అచ్యుతాపురం కంపెనీల్లో చిల్డ్ వాటర్, బ్రైన్ (చల్లటి ఉప్పునీటి) లైన్లు చాలా ఉంటాయి. సముద్రపు గాలి తేమ ఏ చిన్న సందు దొరికినా లోపలికి దూరి పైపు మీద నీరవుతుంది, తుప్పు మొదలవుతుంది, బయటికి ఏమీ కనపడదు. నైట్రైల్ రబ్బరు అంటించేటప్పుడు గమ్ము రెండు ముఖాలకూ రాసి, వేలికి అంటనంత ఆరాక నొక్కాలి. రబ్బరును సాగదీసి అతికిస్తే కొన్నాళ్లకు అది వెనక్కి లాక్కుని జాయింటు విడిపోతుంది, అందుకే పిసరంత ఎక్కువ కోసి నొక్కి పెడతారు. వేపర్ బ్యారియర్ (తేమను ఆపే పొర) ఉన్నచోట పైరేకుకు స్క్రూలు దించితే ఆ బ్యారియర్ చిల్లులు పడుతుంది, అక్కడ బ్యాండ్లే కట్టాలి. వేడి లైన్లలో అయినా రేకు ల్యాప్ గడియారంలో నాలుగు, ఎనిమిది అంకెల వైపు కిందికి చూడాలి, లేకపోతే వాన నీరు నేరుగా ఉన్నిలోకి దిగుతుంది. ఈ నాలుగు మాటలు చెప్పలేని చోట ఫీజు కట్టవద్దు.

సర్టిఫికెట్ చూసి మురిసిపోవద్దు. ‘ఇంటర్నేషనల్’ అని బంగారు అక్షరాలుంటే దానికి విలువ వచ్చెయ్యదు. స్కిల్ ఇండియా సర్టిఫికెట్ అని చెబితే, పాత విద్యార్థి కాగితం మీద క్యూఆర్ కోడ్ మీ ఫోనులోనే స్కాన్ చేసి, అది ప్రభుత్వ పోర్టల్‌కే వెళ్తుందో లేదో చూడండి. ఏడాది ఖాళీ ఉన్నవాళ్లకు ఐటీఐలో షీట్ మెటల్ వర్కర్ ట్రేడ్ ఇంతకంటే ఎన్నో రెట్లు మేలు, ఇన్సులేషన్‌లో పనికొచ్చే సగం విద్య అదే. అంత ఆగలేనివాళ్లు కాంట్రాక్టరు దగ్గర హెల్పర్‌గా చేరితే నేర్చుకుంటూనే కూలి వస్తుంది.

ఇక ఇక్కడే పనిచేస్తే జీతం లెక్క. ‘నెలకు ఇంత’ అని చెప్పే పెద్ద అంకెలో పన్నెండు గంటల డ్యూటీ, ఆదివారాలు, ఓటీ (ఓవర్‌టైమ్) అన్నీ కలిపేస్తారు. ఎప్పుడూ ఎనిమిది గంటలకు ఎంత అనే అడగండి. లెక్క కోసం రోజుకు 800 అనుకుంటే గంటకు 100. ఓటీ రెట్టింపు రేటు కాబట్టి నాలుగు గంటలకు 800, వెరసి 1,600 రావాలి. ‘ఒకటిన్నర హాజరు’ అని 1,200 చేతిలో పెడితే రోజుకు 400 పోయినట్టే. పీఎఫ్ 12 శాతం, ఈఎస్ఐ 0.75 శాతం కోసుకుంటే యూఏఎన్ నంబరు (మీ పీఎఫ్ ఖాతా నంబరు), ఈఎస్ఐ నంబరు మొదటి నెలలోనే తీసుకోండి.

చదరపు మీటరు లెక్కన గ్యాంగు పని పట్టేవాళ్లకు ఇంకో ఉచ్చు ఉంది. కొలత పైరేకు మీద తియ్యాలి. పైన చెప్పిన లైనే పది మీటర్లుంటే పైకొలతతో 6.73 చదరపు మీటర్లు. ఖాళీ పైపు కొలతతో బిల్లు చేస్తే 3.59. దాదాపు సగం గాలికి పోతుంది. ఎల్బోలు, వాల్వు బాక్సులు ఎలా లెక్కిస్తారో పని మొదలెట్టకముందే కాగితం మీద రాయించుకోండి.

పని దొరుకుతుందా అంటే దొరుకుతుంది, కానీ ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. రిఫైనరీ, స్టీల్ ప్లాంటు, సింహాద్రి థర్మల్ లాంటి చోట్ల షట్‌డౌన్ (మరమ్మతుల కోసం ప్లాంటు ఆపడం) వస్తే ఒక్కసారిగా మనుషులు కావాలి, అది ముగిశాక గ్యాంగు సగం ఖాళీ. ఫార్మా, ఏసీ లైన్ల పని చిన్నదైనా తరచుగా దొరుకుతుంది. డ్రాయింగు చదివి కొలతలు రాయగలిగినవాడే ఫోర్‌మన్ అవుతాడు. ఇంకొకటి, పాత లైన్ల ల్యాగింగ్ (చుట్టిన పాత ఇన్సులేషన్) విప్పే పనికి కూలి కాస్త ఎక్కువిస్తామంటే అందులో ఆస్‌బెస్టాస్ (పీలిస్తే ఊపిరితిత్తులను పాడుచేసే పీచు) ఉందేమో ముందు అడగండి. మూతికి రుమాలు కట్టుకుంటే ఆ పీచు ఆగదు.

వీసా భాగానికి వస్తే, 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టరైన ఏజెంటు గానీ, ప్రభుత్వ అనుమతి పొందిన యజమాని గానీ తప్ప ఎవరూ విదేశీ ఉద్యోగానికి మనుషులను తీసుకోకూడదు. ఆ ఏజెంటు అభ్యర్థి దగ్గర తీసుకోగలిగిన సర్వీస్ చార్జీ గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ, మొత్తం 35,400. లక్ష, లక్షన్నర అడిగితే అందులో కోర్సు ఫీజెంత, సర్వీస్ చార్జీ ఎంత అని విడివిడి రసీదులు అడగండి. ఆ మాటకే చాలామంది ముఖం మారిపోతుంది. ఏజెంటు లైసెన్సు నంబరును ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో వెతకండి. పేరు దొరికితే సరిపోదు, అక్కడున్న చిరునామా, మీరు కూర్చున్న ఆఫీసు ఒకటేనా చూడండి. ‘మేం వాళ్ల సబ్-ఏజెంట్లం’ అంటే లేచి వచ్చెయ్యండి.

పదో తరగతి పాసైనవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. పదో తరగతి పాసైతే పాస్‌పోర్ట్‌లో ఈసీఆర్ (ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలి అనే) ముద్ర పడదు. ఆ ముద్ర లేనివాళ్లకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అక్కర్లేదు కాబట్టి, కాంట్రాక్టు కాగితాలను ప్రభుత్వం వైపు నుంచి చూసేవాళ్లు ఉండరు. విజిట్ వీసా మీద పంపి ‘అక్కడ మారుస్తాం’ అనడం, ఇన్సులేటర్ అని చెప్పి వీసాలో లేబర్ అని రాయించడం ఎక్కువగా ఇక్కడే జరుగుతాయి. వీసా మీద వృత్తి, కాంట్రాక్టులో వృత్తి, బేసిక్ జీతం మూడూ సరిపోలాకే టికెట్టు మాట. ఈసీఆర్ పాస్‌పోర్ట్ మీద వెళ్లేవాళ్లకు 10 లక్షల బీమా ఉన్న ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలే, దానికి వేలల్లో అడిగితే అదీ దోపిడీయే.

ఇప్పటికే కట్టేసినవాళ్లు రసీదులు, యూపీఐ స్క్రీన్‌షాట్లు, వాయిస్ మెసేజీలు, ప్రకటన ఫొటో అన్నీ ఒకచోట దాచండి. చాటింగ్ చెరిపెయ్యొద్దు. ఆన్‌లైన్లో పంపిన డబ్బయితే ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి, కోర్సు విషయమైతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి, వీసా విషయమైతే విదేశాంగ శాఖ ప్రవాసుల హెల్ప్‌లైన్ 1800-11-3090కి ఫోన్ చేసి, స్థానిక పోలీస్ స్టేషన్లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు చెల్లింపులకు ఫీజు లేదు, రెండేళ్ల లోపు వెయ్యాలి. ‘మిగతా డబ్బు కడితేనే పాస్‌పోర్ట్ ఇస్తాం’ అంటే భయపడి కట్టొద్దు. పాస్‌పోర్ట్ భారత ప్రభుత్వ ఆస్తి, బాకీ కింద అట్టిపెట్టుకునే హక్కు ఏజెంటుకు లేదు. ఆ మాటను ఫిర్యాదులో మొదటి వాక్యంగా రాయండి.