బార్‌మౌత్‌కి వెళ్తే ముందు ఆటుపోట్ల వేళలు చూసుకోండి

వేల్స్ పడమటి తీరంలో మౌథక్ నది సముద్రంలో కలిసే చోట, కొండకీ నీళ్లకీ మధ్య ఇరుక్కున్న చిన్న ఊరు బార్‌మౌత్. బర్మింగ్‌హామ్ నుంచి నేరుగా ట్రైన్ ఉంది, నాలుగు గంటలకు కాస్త అటూ ఇటూ. చిక్కంతా మఖన్‌లెత్ స్టేషన్‌లో. అక్కడ ట్రైన్ రెండుగా విడిపోతుంది: ఒక సగం ఆబరిస్ట్‌విత్‌కి, రెండోది బార్‌మౌత్ మీదుగా పుల్‌హెలీకి. ఎక్కేటప్పుడే గార్డుని అడిగి పుల్‌హెలీ బోగీలో కూర్చోండి. తప్పు సగంలో నిద్రపోతే తేలేది వేరే ఊళ్లో.

ఇంత దూరం వెళ్లేది ఆ నది మీది 1867 నాటి రైలు వంతెన కోసమే. సుమారు ముప్పావు కిలోమీటరు, చాలా భాగం చెక్కదే. రైలు పట్టాల పక్కనే నడకదారి ఉంది. 1980లో సముద్రపు పురుగు దుంగల్ని తొలిచేసిందని తేలి కొన్నాళ్లు రైళ్లు ఆపారు. ఈమధ్య 2020 నుంచి 2023 దాకా ఏటా కొన్ని వారాలు మూసి కలప మార్చారు, బార్‌మౌత్ వైపు ఇనుప భాగం కూడా. పూర్తి ఆటులో వెళ్తే కింద ఇసుక మేటలు, సన్నటి పాయలు తప్ప ఏమీ ఉండవు. పోటు సగం ఎక్కాక, సాయంత్రం పూట వెళ్లండి. వెనక నుంచి పడే ఎండకి 893 మీటర్ల కాడెర్ ఇడ్రిస్ కొండ రాగిరంగు తిరుగుతుంది. గాలి మాత్రం జూలైలోనూ చెవులు కోస్తుంది, టోపీ నిలవదు.

వంతెన దాటితే మోర్ఫా మౌథక్ స్టేషన్. అడిగితేనే రైలు ఆగుతుంది: దిగాలంటే గార్డుకి ముందే చెప్పాలి, ఎక్కాలంటే డ్రైవర్‌కి కనపడేలా చెయ్యి చాచాలి. ఫోన్ చూసుకుంటూ నిలబడితే రైలు వెళ్లిపోతుంది. అక్కడి నుంచి డొల్గెథ్లాయ్ ఊరి దాకా పాత రైలుమార్గమే ఇప్పుడు నడకకి, సైకిళ్లకి చదునైన బాట. బార్‌మౌత్ నుంచి లెక్కేస్తే 15 కిలోమీటర్లు. నడిచి వెళ్లి, వెనక్కి టీ3 బస్సులో రావడం తెలివైన పని.

ఊరి వెనక కొండవాలు డినాస్ ఒలై. చారిత్రక, ప్రకృతి స్థలాల్ని కాపాడే బ్రిటిష్ సంస్థ నేషనల్ ట్రస్ట్‌కి 1895లో దక్కిన మొట్టమొదటి స్థలం ఇదే. ఎక్కడం నిటారుగా ఉంటుంది, వానలో రాళ్లు జారతాయి.

బీచ్ వెడల్పైనదే కానీ, హార్బర్ దగ్గర ఈదొద్దు. నది నీళ్లు ఆటుతో కలిసి సముద్రంలోకి లాక్కుపోతాయి.

బస విషయంలో ఒకటే మాట: కొండమీది పాత వీధుల్లో గది అయితే చూపు అద్భుతం, పెద్ద సూట్‌కేసు ఉంటే నరకం. ఎన్ని మెట్లో ముందే అడగండి. పెద్దవాళ్లు వెంట ఉంటే స్టేషన్ పక్క చదును వీధులే నయం. శాకాహారులు చిప్స్ కొనేముందు నూనెలో వేయించారా, గొడ్డు కొవ్వులోనా అని అడగాలి. పొట్లం విప్పి సముద్రపు గట్టున కూర్చుంటే సగం సీగల్ పక్షులకే.