ఒక్క రూపాయి ట్రయల్ అని ఫోకస్ యాప్ కొంటున్నారా? పిన్ కొట్టే ముందు ఇది చదవండి

పని టైంలో ఫోన్ జోలికి పోకుండా ఆపుతానని చెప్పే యాప్ ఒకటి కొని 1,999 రూపాయలు పోగొట్టుకున్నాను. డబ్బు మాత్రమే పోయి ఉంటే ఇంత రాసేదాన్ని కాదు. సరిగ్గా అవసరమైన రోజున నా ఫోన్ నాకే పనికిరాకుండా పోయింది, దానివల్ల ఒక క్లయింట్ దగ్గర మాట పడాల్సి వచ్చింది. ఇంకెవరికీ ఇలా జరగకూడదని రాస్తున్నాను.

విజయవాడలో ఒక టాక్స్ కన్సల్టెంట్ దగ్గర పని చేస్తాను. మాకు నెలలో రెండు తేదీలు ప్రాణం మీదికి వస్తాయి, 11న జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీ రిటర్ను), 20న 3బి (టాక్స్ కట్టి వేసే రిటర్ను). బిల్లులు ఎక్కిస్తూ మధ్యలో వాట్సాప్ చూద్దామని ఫోన్ తీస్తే అక్కణ్ణుంచి రీల్స్‌లోకి పోవడం, అరగంట గడిచాక తలెత్తి ఏ బిల్లు దగ్గర ఆగానో వెతుక్కోవడం, ఇదే వరస. ఒకసారి ఒకే బిల్లు రెండుసార్లు ఎక్కించేశాను, మా సార్ చూశారు కాబట్టి సరిపోయింది. ఇలా కుదరదు, ఏదో ఒకటి చెయ్యాలి అనుకుంటున్న రోజుల్లోనే ఈ యాప్ ప్రకటన కనపడింది. 3 రోజుల ట్రయల్, 1 రూపాయి.

ప్రకటన నొక్కితే యాప్ దించుకోమంది, డబ్బు మాత్రం ప్లే స్టోర్‌లో కాకుండా వాళ్ల వెబ్‌సైట్‌లో కట్టించుకుంది. యూపీఐ తెరుచుకుంది, పైన పెద్ద అక్షరాల్లో 1 రూపాయి, పిన్ కొట్టేశాను. ఆ తెర మీదే కింద ఇంకో వరుస ఉంది: గరిష్ఠంగా 1,999, ఏడాదికోసారి. అది ఆటోపే అనుమతి. 15,000 రూపాయల లోపు మొత్తమైతే ఒకసారి ఒప్పుకున్నాక తర్వాత కోసుకునేటప్పుడు మళ్లీ పిన్ అడగరు. ట్రయల్ అయిపోతే యాప్ తీసేస్తే చాలనుకున్నాను, మనలో చాలామంది అలాగే అనుకుంటారు కూడా.

డబ్బు కోసుకోవడానికి కనీసం 24 గంటల ముందు చెప్పాలని రిజర్వ్ బ్యాంక్ నియమం. చెప్పారు, ఎస్సెమ్మెస్ వచ్చింది. కానీ ఈ యాప్ పనేంటి? నోటిఫికేషన్లు కనపడకుండా దాచడం! ఆ ఎస్సెమ్మెస్ కూడా దాంట్లోనే కలిసిపోయింది. తర్వాత వెతికి చూస్తే అందులో యాప్ పేరు కూడా లేదు, ఎప్పుడూ వినని ఏదో కంపెనీ పేరుంది, కాబట్టి అప్పుడే చూసినా నాకు అర్థమయ్యేది కాదేమో.

అలా 1,999 కోసేసుకున్నారు. సరే, ఎలాగూ కట్టేశాం కదా, వాడుకుందాం అనుకున్నాను. 20వ తేదీ సాయంత్రం ఇంటి నుంచి రిటర్నులు వేస్తూ ఆ యాప్‌లో మూడు గంటల పాటు ఫోన్‌కి లాక్ పెట్టాను. ముఖ్యమైన నంబర్లు చేర్చుకుంటే ఆ కాల్స్ మాత్రం మోగుతాయని ప్రకటనలో చెప్పారు, నేను ముగ్గురు క్లయింట్ల నంబర్లు చేర్చాను. వన్‌టౌన్‌లో బట్టల వ్యాపారి ఒకాయన రిటర్ను అంతా సిద్ధం చేసి, టాక్స్ కట్టించి, చివర్లో ఓటీపీ పంపాను. అది ఆయన ఫోన్‌కే వెళ్తుంది, ఆయన ఫోన్ చేసి నాకు చెప్పాలి, ప్రతి నెలా జరిగేది అదే. ఫోన్ మోగలేదు. ఆయన నంబరు నేను చేర్చిన ముగ్గురిలో ఉన్నా మోగలేదు. నేను చేద్దామంటే లాక్ తెర తప్ప ఏమీ రావట్లేదు, సెట్టింగ్స్ తెరిస్తే వెంటనే మూసేస్తోంది. ఇంట్లో వేరే ఫోన్ ఉన్నా ఆయన నంబరు నాకు నోటికి రాదు. లాక్ తీసేసరికి ఆయన షాపు కట్టేసి పడుకున్నారు, పదకొండు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. పొద్దున్నే చేస్తే, "ఏమ్మా, ఫోన్ ఎత్తవేంటమ్మా, రాత్రి ఎన్నిసార్లు చేశాను" అన్నారు. రిటర్ను 21న వేశాం. రోజుకు 50 రూపాయల లేట్ ఫీజు, పెద్ద మొత్తమేమీ కాదు, నేనే ఇచ్చేశాను. కానీ పన్నెండేళ్లుగా ఒక్క నెల కూడా ఆలస్యం కాని మనిషాయన. ఆయనకు లేట్ ఫీజు పడటం నావల్లే కదా, అది ఇప్పటికీ బాధగానే ఉంది.

ఇప్పుడు ఎవరైనా ఇలాంటి లాక్‌లో ఇరుక్కుని ఉంటే: ఆండ్రాయిడ్ ఫోన్లు చాలావాటిలో పవర్ బటన్ పట్టుకుని, వచ్చిన మెనూలో పవర్ ఆఫ్‌ని గట్టిగా నొక్కి ఉంచితే సేఫ్ మోడ్ అని అడుగుతుంది. అందులో మనం వేసుకున్న యాప్‌లేవీ పని చెయ్యవు. అప్పుడు సెట్టింగ్స్‌లో డివైస్ అడ్మిన్ అనుమతి (యాప్‌ని తొలగించనివ్వకుండా ఆపేది ఇదే) తీసేసి, ఆ తర్వాత యాప్ తొలగించవచ్చు. ఇది నాకు మర్నాడు గానీ తెలియలేదు.

యాప్ పోయినా ఆటోపే పోదు, ఇది మాత్రం దయచేసి గుర్తుపెట్టుకోండి. నేను ముందు ప్లే స్టోర్‌లో సబ్‌స్క్రిప్షన్స్ చూశాను, అక్కడ ఏమీ లేదు, హమ్మయ్య అనుకున్నాను. కానీ డబ్బు నేరుగా యూపీఐలో కట్టాం కాబట్టి అది మన యూపీఐ యాప్‌లో ఆటోపే అనే చోట ఉంటుంది, అక్కడ చూస్తే బతికే ఉంది, వచ్చే ఏడాదికి తయారుగా. అక్కడే రద్దు చేశాను. ప్లే స్టోర్‌లోనే కట్టినవాళ్లు ప్లే స్టోర్‌లో రద్దు చేసుకోవాలి, కొని 48 గంటలు దాటకపోతే గూగుల్‌నే రీఫండ్ అడగవచ్చు. ఒకసారి ఇప్పుడే రెండు చోట్లా చూసుకోండి, మర్చిపోయినవి ఇంకేమైనా బయటపడవచ్చు.

ఇంకో భయం నాకు తర్వాత మొదలైంది. ఈ యాప్ మొదట్లోనే యాక్సెసిబిలిటీ అనుమతి అడిగింది. మనం ఏ యాప్ తెరిచామో తెలియాలి కాబట్టి అడుగుతుంది, అది నిజమే. కానీ ఆ అనుమతితో తెర మీద ఉన్నది చదవవచ్చు, మన బదులు నొక్కవచ్చు కూడా. క్లయింట్ల పాస్‌వర్డ్‌లు, బ్యాంకు వివరాలు ఉండే ఫోన్‌లో ముక్కూమొహం తెలియని కంపెనీకి అది ఇవ్వకూడదు. నేను ఇచ్చాను, తప్పు చేశాను, తర్వాత పాస్‌వర్డ్‌లన్నీ మార్చుకున్నాను.

వాళ్లకు మెయిల్ పెడితే వార్షిక ప్లాన్‌కి రీఫండ్ లేదని ఒక్క ముక్క జవాబు. ఫోన్ నంబరు లేదు. బ్యాంకులో అడిగితే మీరే అనుమతిచ్చారు కదా అన్నారు. 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు చేశాను. 2023 నవంబరులో డార్క్ ప్యాటర్న్స్ మీద, అంటే కొనేవాళ్లను తప్పుదారి పట్టించే యాప్‌ల, వెబ్‌సైట్ల ఎత్తుగడల మీద, కేంద్రం తెచ్చిన మార్గదర్శకాల్లో 13 రకాలు పేర్కొన్నారు, అందులో సబ్‌స్క్రిప్షన్ ట్రాప్ ఒకటి, ఫిర్యాదులో ఆ పేరే రాశాను. ప్రకటన, యూపీఐ అనుమతి, మెయిల్ జవాబు, మూడింటి స్క్రీన్‌షాట్లూ జతచేశాను. మీకూ ఇలా జరిగితే ముందు స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి, ప్రకటన మళ్లీ దొరక్కపోవచ్చు.

నాకు అన్నిటికన్నా ఎక్కువ కోపం తెప్పించిన విషయం, నేను డబ్బు పెట్టి కొన్నది దాదాపు అంతా నా ఫోన్‌లో ముందునుంచీ ఉచితంగా ఉంది. ఆండ్రాయిడ్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ 2018 నుంచి ఉంది, ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్ కూడా అదే ఏడాది వచ్చింది. ఇప్పుడు ఇన్‌స్టాకి రోజుకు 20 నిమిషాలు పెట్టాను, అది దాటితే ఆ రోజుకి తెరుచుకోదు. పొద్దున 10 నుంచి 1 వరకు ఫోకస్ మోడ్. డు నాట్ డిస్టర్బ్‌లో క్లయింట్లకు స్టార్ పెట్టి వాళ్ల కాల్స్ మోగనిచ్చాను, అందులోనే ఇంకో సదుపాయం ఉంది, ఎవరైనా 15 నిమిషాల్లో రెండోసారి చేస్తే మోగుతుంది. ఆ రాత్రి ఇదే పెట్టుకుని ఉంటే ఆయన రెండో కాల్ నాకు అందేది. ఫోన్ బల్ల మీద కాకుండా గదిలో అవతలి వైపు బీరువా మీద పెడుతున్నాను, మోగితే వినపడుతుంది, ఊరికే తీసుకోవాలంటే లేచి వెళ్లాలి.

1915 నుంచి జవాబు రాగానే ఇక్కడే చెప్తాను. ఇదే పద్ధతిలో డబ్బు పోయి వెనక్కి వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే ఏం చేశారో చెప్పండి.