అంబాసిడర్‌లో ఎర్ర లైటు ఆరడం లేదు: డైనమో బాగుచేయించాలా, ఆల్టర్నేటర్ పెట్టించాలా? ఏది మేలు?

మా నాన్నగారి అంబాసిడర్ 1960ల నాటి మార్క్ 2. 1489 సీసీ పెట్రోల్ ఇంజన్, దాని పక్కన పొడుగాటి గొట్టంలా బ్యాటరీని ఛార్జ్ చేసే డైనమో, బానెట్ లోపల గోడకి బిగించిన నల్లమూత కటౌట్ డబ్బా (డైనమోని బ్యాటరీకి కలిపేదీ, విడదీసేదీ అదే). సంక్రాంతికి తెనాలి వెళ్లి విజయవాడ తిరిగి వస్తుంటే మంగళగిరి దాటాక డాష్‌బోర్డులో ఎర్ర ఛార్జింగ్ లైటు వెలిగింది. మామూలుగా సిగ్నల్ దగ్గర ఆగితే మిణుకుమని, కదలగానే ఆరిపోయేది. ఆ రోజు ఎంత తొక్కినా ఆరలేదు. పట్టపగలు కాబట్టి హెడ్‌లైట్లతో పనిపడలేదు. బ్యాటరీ మీదే ఇల్లు చేరాం.

మర్నాడు వచ్చిన ఆటో ఎలక్ట్రీషియన్ బానెట్ ఎత్తి ఒక్క చూపు చూసి, "డైనమో పనైపోయింది సార్. తీసేసి ఆల్టర్నేటర్ పెట్టేద్దాం, ఇక మీకు టెన్షన్ ఉండదు" అన్నాడు. ఆల్టర్నేటర్ అంటే డైనమో పనే చేసే తర్వాతి తరం యంత్రం. పాత బండి ఉన్న ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక రోజు ఈ మాట వినబడుతుంది. ఆ మాట తప్పని నేను అనను. కానీ లైటు ఎందుకు వెలిగిందో తేల్చకుండా ఆ నిర్ణయం తీసుకోకూడదు.

ఆ లైటు డైనమో బాగుందో లేదో నేరుగా చెప్పదు. దాని ఒక కొస తాళంచెవి స్విచ్ వైపు, అంటే బ్యాటరీ వైపు ఉంటుంది. రెండో కొస డైనమో వైపు ఉంటుంది. రెండు వైపులా వోల్టేజీ సమానమైతే ఆరుతుంది, తేడా ఉంటే వెలుగుతుంది. దీన్నిబట్టి చాలా సంగతులు తెలుస్తాయి. స్లో మీద, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ నడుస్తున్నప్పుడు, మిణుకుమంటే డైనమో బండిలో అది జబ్బు కాదు. ఇంజన్ నిమిషానికి సుమారు వెయ్యి చుట్లు దాటితేగాని డైనమో బ్యాటరీని అందుకోదు. అదే ఆల్టర్నేటర్ బండిలో స్లో మీద వెలిగితే అనుమానించాల్సిందే. హెడ్‌లైట్లు వేసినప్పుడు మాత్రమే సన్నగా వెలుగుతుంటే, ఎక్కువసార్లు దోషం ఫ్యూజుల దగ్గరో స్విచ్ దగ్గరో పట్టిన చిలుములో ఉంటుంది. అన్నిటికంటే ప్రమాదమైనది, ఇంజన్ ఆగి ఉండగా తాళం తిప్పినా లైటు అసలు వెలగకపోవడం. బల్బు పోయి ఉండొచ్చు. లేదా కటౌట్ పాయింట్లు అతుక్కుపోయి, బ్యాటరీలోని కరెంటు వెనక్కి డైనమోలోకి పారుతూ ఉండొచ్చు. డైనమో వేడెక్కి కాలిన వాసన వస్తే ముందు బ్యాటరీ టెర్మినల్ ఊడదీయండి, మిగతాది తర్వాత.

మేము బండిని ఆటోనగర్‌లో రివైండింగ్ (కాలిన తీగచుట్టలు తిరిగి చుట్టే పని) చేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాం. "తొందరెందుకు బాబూ, ముందు దాన్ని అడిగి చూద్దాం" అన్నారు. ఫ్యాన్ బెల్టును బొటనవేలితో నొక్కారు, అర అంగుళం లోపే దిగింది. బెల్టు బాగానే ఉంది. తర్వాత డైనమో వెనక ఉన్న రెండు తీగలూ ఊడదీశారు. లావు టెర్మినల్ డి, అది కరెంటు బయటికి ఇచ్చేది; చిన్నది ఎఫ్, అది లోపలి ఫీల్డ్ కాయిల్‌ది. ఆ రెంటినీ చిన్న తీగ ముక్కతో కలిపి, మీటరు ఒక కొస దానికి, రెండోది బాడీకి పెట్టించి, స్లో మీద నుంచి మెల్లగా తొక్కమన్నారు. ముల్లు తడబడకుండా 5, 10, 15 అంటూ లేచింది. "చాలు, ఇంక తొక్కకు" అన్నారు. డైనమో నిక్షేపంలా ఉంది. ఒక వోల్టు దగ్గరే ఆగితే ఫీల్డ్ కాయిల్ (అయస్కాంత శక్తి పుట్టించే తీగచుట్ట), నాలుగైదు దగ్గర ఆగితే ఆర్మేచర్ (లోపల తిరిగే భాగం) దెబ్బతిన్నట్టు, అసలు కదలకపోతే ముందు కార్బన్లు (తిరిగే భాగాన్ని ఒరుసుకుంటూ కరెంటు అందుకునే ముక్కలు) చూడాలి అని చెప్పారు. లూకాస్ డైనమోల విషయంలో ఇది ఏనాటి నుంచో ఉన్న లెక్కే.

మరి దోషం ఎక్కడ? ఎఫ్ తీగను లగ్ (తీగ కొసన ఉండే లోహపు బిళ్ల) దగ్గర వేళ్లతో వంచి చూపించారు. పైన తొడుగు చెక్కుచెదరలేదు, లోపల రాగి పోగులన్నీ తెగి ఉన్నాయి. ఫీల్డ్‌కి కరెంటు అందక డైనమో ఊరికే తిరుగుతోంది. అంగుళం కోసి, కొత్త లగ్ వేసి, టంకం పెట్టి బిగిస్తే లైటు ఆరిపోయింది. ఆల్టర్నేటర్ పెట్టినా ఆరేదే, ఎందుకంటే దానికి ఆ తీగతో పనే లేదు. మంచి డైనమో మాత్రం పాత ఇనుములోకి పోయేది.

సరే, డైనమోనే నిజంగా పోయిందనుకుందాం. అప్పుడు ఏది మేలు?

నన్నడిగితే ముందు బండిలో కరెంటు ఖర్చు లెక్క వేయమంటాను. ఆ కాలపు లూకాస్ సీ40 డైనమో ఇచ్చేది 22 ఆంపియర్లు. పాత 45 వాట్ల హెడ్‌లైట్లు రెండు, వెనక లైట్లు, ఇగ్నిషన్ కాయిల్, వైపర్ అన్నీ కలిపినా 16, 17 దగ్గర ఆగుతాయి. రోడ్డు మీద సాగిపోతున్నంతసేపూ ఇబ్బంది లేదు. కానీ వానాకాలం రాత్రి బెంజి సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో అరగంట నిలబడితే డైనమో ఇచ్చేది దాదాపు సున్నా, ఖర్చంతా బ్యాటరీదే. దానికి తోడు 55 వాట్ల హాలోజన్లు, ఎలక్ట్రిక్ ఫ్యాను, ఫోన్ ఛార్జర్ కూడా పెట్టుకుంటే డైనమోని నిందించి లాభం లేదు. రోజూ తిరిగే బండికి, రాత్రి ప్రయాణాలున్న బండికి ఆల్టర్నేటరే సరి. స్లో మీద కూడా ఛార్జ్ చేస్తుంది, 35, 40 ఆంపియర్లు తేలిగ్గా ఇస్తుంది, వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ చాలావాటిలో లోపలే ఉంటుంది.

అయితే అది విప్పి బిగిస్తే అయిపోయే పని కాదు. బ్రాకెట్ చేయించాలి, పుల్లీ బెల్టుకి తిన్నగా రావాలి. కరెంటు ఎక్కువ కాబట్టి బ్యాటరీకి వెళ్లే తీగ లావుది వేయాలి. పాత సన్న తీగే ఉంచితే అది వేడెక్కి తొడుగు కరుగుతుంది. కరెంటు ఎంత పారుతోందో చూపే అమ్మీటర్ 30 ఆంపియర్ల దాకానే ఉంటే దాన్నీ చూసుకోవాలి. ఆ కాలపు బ్రిటిష్ డిజైన్ బళ్లలో కొన్నిటికి పాజిటివ్ ఎర్త్ ఉంటుంది, అంటే బ్యాటరీ పాజిటివ్ కొస బాడీకి కలిపి ఉంటుంది. అలా ఉంటే ముందు నెగటివ్‌కి మార్చాలి, లేదంటే పెట్టిన క్షణంలోనే ఆల్టర్నేటర్ లోపలి డయోడ్లు (కరెంటును ఒకే దిశలో పారనిచ్చేవి) పోతాయి. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి ఛార్జింగ్ చూసే అలవాటు ఇక మానేయాలి, దానికీ డయోడ్లే బలి. ఎర్ర బల్బు కూడా ఇప్పుడు ఉత్త సూచన కాదు. ఆల్టర్నేటర్ మేలుకోవడానికి కావలసిన తొలి కరెంటు చాలా రకాల్లో దాని గుండానే వెళ్తుంది. బల్బు పోతే ఛార్జింగ్ మొదలవకపోవచ్చు.

డైనమో బాగుచేయించడం నెమ్మదైన పని. కొత్త కార్బన్లు, వెనక బుష్, కార్బన్లు ఒరుసుకునే రాగి డ్రమ్మును (కమ్యుటేటర్) లేత్ మీద పట్టించి రాగి పలకల మధ్య ఉండే మైకాని కాస్త లోతుకి గీరడం. ఇది చేసే చేతులు తగ్గిపోతున్నాయి, నాకున్న బాధ అదే. చేసేవాళ్లు దొరికితే మాత్రం ఏళ్ల తరబడి నడుస్తుంది. వెనక ఉన్న చిన్న రంధ్రంలో అప్పుడప్పుడు రెండు మూడు చుక్కల ఇంజన్ ఆయిల్ వేయడం మరవకండి. విప్పి బిగించాక ఎఫ్ తీగ ఊడదీసి, ఆ టెర్మినల్‌కి బ్యాటరీ లైవ్ నుంచి ఒక్క క్షణం తీగ తాకించి ధ్రువం సరిచేయాలి. ఈ పని మర్చిపోయి "రిపేరు చేయించినా ఛార్జింగ్ రాలేదు" అని డైనమోని పారేసినవాళ్లు నాకు తెలుసు.

డైనమో ఆకారంలోనే ఉండి లోపల ఆల్టర్నేటర్ ఉండేవి ఇంగ్లండ్‌లో చేస్తారు. బానెట్ ఎత్తితే తేడా తెలియదు. ఖరీదు, తెప్పించుకునే శ్రమ భరించగలిగితే అసలు రూపం కావాలనుకునేవారికి మంచిదే.

మా బండి నెలకి రెండు మూడుసార్లు, అదీ పగలే బయటికి వస్తుంది. లైట్లు పాతవే. అందుకే డైనమో ఉంచాం. మా బావగారిది కూడా అదే మోడల్, రోజూ గుంటూరు వెళ్లొస్తారు. ఆయనకి ఆల్టర్నేటర్ పెట్టించుకోమని నేనే చెప్పాను. తీసిన డైనమో, బ్రాకెట్, కటౌట్ డబ్బా మూడూ గుడ్డలో చుట్టి అటక మీద పెట్టించాను.