పాత బడిబస్సులో కొరాపుట్ చుట్టి వచ్చాం

మా తమ్ముడి ఎత్తు 180 సెంటీమీటర్లు. మా బస్సులో నడవ మధ్యన నేల నుంచి కప్పు వరకు 176. ఆ నాలుగు సెంటీమీటర్ల కొరతతోనే ఆరు రోజులు ఒడిశాలోని కొరాపుట్ జిల్లా తిరిగి వచ్చాం.

మేము మూడు తరాలుగా రాయగడలో ఉంటున్న తెలుగువాళ్లం. అమ్మకు మోకాళ్ల నొప్పులు. లాడ్జీల మెట్లు ఎక్కలేదు, కారులో రెండు గంటలకు మించి కూర్చోలేదు. ఆమె పడుకుని ప్రయాణం చేసేలా ఉండాలని తమ్ముడు ఒక పాత బడిబస్సు కొన్నాడు. సీట్లు తీయించి రెండు మంచాలు, ఒక వంటగట్టు, సామాన్ల అర పెట్టించాడు. స్నానాల గది పెట్టలేదు. అందుకే ప్రతి రాత్రీ బస్సు నిలపడానికి ఆవరణ, వాడుకోవడానికి ఒక గది ఉన్న చోటు వెతుక్కోవాలి.

కొన్న రోజున లోపలి ఎత్తు 183 ఉంది. తమ్ముడు నిలబడి చూసుకుని సంతోషించాడు. తరువాత వేడీ చలీ ఆపడానికి నేల మీద 25 మిల్లీమీటర్ల ఫోము, దాని మీద 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్, కప్పుకు మరో 25 ఫోము, 6 మిల్లీమీటర్ల బోర్డు వేయించాం. కలిపితే 68. దాదాపు ఏడు సెంటీమీటర్లు మనమే తినేశామని పని పూర్తయ్యాక గాని తెలియలేదు. బడిబస్సు కొనేవాళ్లు ఖాళీ బస్సు ఎత్తు చూసి మురిసిపోకండి. వేయబోయే పొరల మందం ముందే తీసేసి లెక్క వేయండి.

అమెరికాలో బడిబస్సులను ఇళ్లుగా మార్చుకునేవారు చాలామంది ఉన్నారు. అక్కడి పెద్ద బస్సులు లోపల ఆరడుగులతోనూ, దాదాపు ఆరున్నర అడుగులతోనూ దొరుకుతాయి. అదీ చాలనివారు కిటికీల మధ్య కమ్ములు కోసి, కప్పును పైకి లేపి, మళ్లీ అతికిస్తారు. మా బస్సు మార్చిన షెడ్డువాళ్లు కూడా అడుగు లేపుతామన్నారు. నేనే వద్దన్నాను. పైన బరువు పెరిగితే ఘాట్ రోడ్డు మలుపుల్లో బస్సు ఊగుతుంది. పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండి ఆకృతి మార్చాలంటే రిజిస్ట్రేషన్ అధికారి అనుమతి ఉండాలి. సీట్లు తీయడానికే ఒకసారి ఆ తతంగమంతా నడిపాం.

ఎత్తు గురించి అంత తర్జనభర్జన పడ్డవాళ్లం కింద ఖాళీ గురించి ఒక్క మాటా మాట్లాడుకోలేదు. షెడ్డువాళ్లు 200 లీటర్ల నీళ్ల ట్యాంకును వెనక చక్రాల అవతల, బస్సు అడుగు చట్రం (ఛాసిస్) కింద వేలాడదీశారు. లోపల చోటు మిగిలిందని మేమూ సంతోషించాం.

డిసెంబరు మొదటి వారంలో లక్ష్మీపూర్, కాకిరిగుమ్మ మీదుగా కొరాపుట్ చేరాం. దారి పొడవునా కొండలు, మంచు. అమ్మ కిటికీ పక్క మంచం మీద పడుకుని ఒక్కో ఊరి పేరూ అడుగుతూ వచ్చింది. చీకటి పడ్డాక పట్టణంలో ఒక హోటలుకు వెళ్లాం. గదులు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్లు వస్తున్నాయి, మనుషులు మర్యాదస్థులు. కానీ హోటలు కొండవాలు మీద ఉంది. రోడ్డు నుంచి ఆవరణలోకి ఇరవై అడుగుల పొడవైన వాలు, ఆ పొడవులోనే మూడున్నర అడుగుల ఎత్తు. ముందు చక్రాలు ఎక్కాయి. వెనక చక్రాలు వాలు మొదట్లోకి రాగానే తోక కిందికి దిగి, ట్యాంకు తారు మీద గీసుకుపోయింది. ఆ చప్పుడుకు అమ్మ లేచి కూర్చుంది. బస్సును వెనక్కి తీసి రాత్రంతా రోడ్డు పక్కన నిలిపాం. అమ్మను చేయి పట్టుకుని ఆ వాలంతా నడిపించాల్సి వచ్చింది. హోటలువాళ్లు కుర్చీ తెచ్చి మధ్యలో కూర్చోబెట్టారు, ఆ మంచితనం మరచిపోలేను. అయినా పెద్ద బండితో వెళ్లేవాళ్లకు ఆ చోటు చెప్పను.

పొద్దున తమ్ముడు టేపు, పురికొస తీసుకుని బస్సు కింద దూరాడు. వెనక ఇరుసు మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే గేర్ల డబ్బాకూ (డిఫరెన్షియల్) నేలకూ మధ్య 21 సెంటీమీటర్లు. ట్యాంకు అడుగున 26. అంటే ట్యాంకే ఎత్తులో ఉంది, అయినా రాసుకున్నది అదే. డిఫరెన్షియల్ చక్రాల మధ్య ఉంటుంది కాబట్టి చక్రం ఎక్కితే అదీ ఎక్కుతుంది. ట్యాంకు చక్రానికి 180 సెంటీమీటర్లు వెనక ఉంది. టైరు నేలను తాకే చోటి నుంచి ట్యాంకు అంచుకు పురికొస లాగి చూస్తే ఎనిమిది డిగ్రీల వాలు. దారి అంతకు మించి నిటారుగా ఉంటే ట్యాంకు తగులుతుంది. హోటలు దారి దాదాపు పది. ట్యాంకు లేకపోతే తరువాత తగిలేది వెనక బంపరు, దానికి దాదాపు పన్నెండు డిగ్రీలు ఉంది. ట్యాంకు అక్కడ పెట్టకపోతే హాయిగా ఎక్కేవాళ్లం! బండి అమ్మేవాళ్లు గ్రౌండ్ క్లియరెన్స్ (బండి కింద ఖాళీ) అని చెప్పే ఒక్క అంకె ఈ సంగతి చెప్పదు. మన బస్సుల్లో ఇరుసుల మధ్య దూరంలో 60 శాతం వరకు వెనక తోక ఉండవచ్చని నిబంధన. మా బస్సుకు 57 శాతం ఉంది. అంత పొడవు తోక కింద ఏదీ వేలాడదీయకూడదు.

దేవమాలికి బస్సు తీసుకెళ్లలేదు. ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం అది, 1672 మీటర్లు. కింద ఊళ్లో బస్సు నిలిపి జీపు మాట్లాడుకున్నాం. పై వంకరలు చూశాక అది సరైన పనే అనిపించింది. శిఖరం మీద చెట్టు లేదు, ఒట్టి గడ్డి, గాలి. కొండ కింద గుడారాల్లో బస ఉంది. పడకలు బాగున్నాయి కానీ స్నానాల గదులు దూరం, దారిలో రాళ్లు. మోకాళ్ల నొప్పులున్నవారికి రాత్రిపూట కష్టం. ఆ రాత్రి బస్సులోనే పడుకున్నాం. చలి ఎముకలు కొరికే వేళ ఆ 68 మిల్లీమీటర్లు వృథా కాలేదని తమ్ముడే ఒప్పుకున్నాడు. మంచం మీద పడుకున్నవాడికి తల తగిలేది ఏముంది!

కప్పు వంపుగా ఉంటుంది కాబట్టి మధ్యన 176 ఉన్నా గోడల దగ్గర బాగా తగ్గిపోతుంది. వంటగట్టును గోడకు ఆనించినా, కూరగాయలు తరిగేటప్పుడు మనిషి నిలబడేది నడవలోనే. నాకు చాలింది. తమ్ముడు టీ పెట్టాలంటే మెడ వంచాలి. పొయ్యి ఎదుట కప్పుకు పైకి తెరుచుకునే గాలి మూత పెట్టిస్తే ఆ ఒక్క చోట నిటారుగా నిలబడవచ్చు. కప్పంతా లేపే కంటే అదే మేలని ఇప్పుడూ అంటాను.

జయపూర్‌లో మా కష్టాలు తీరాయి. బస్టాండుకు కొంచెం అవతల పాత లాడ్జి. గదుల గోడలు పెచ్చులూడాయి, దుప్పట్లు మేము తెచ్చుకున్నవే వాడాం. కానీ గేటు వెడల్పు, ఆవరణ రోడ్డుకు సమానం, గది కింది అంతస్తులోనే, కుళాయి పక్కనే. మా లెక్కలో ఈ యాత్రలో మొదటి మార్కు దానికే. ఊళ్లో ఎటు తిరిగినా తెలుగు వినిపిస్తుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి అండగా నిలిచిన విక్రమదేవ వర్మ మహారాజు ఊరు ఇది. ఆయన పేరిట ఇక్కడా విశ్వవిద్యాలయం ఉంది. ఇడ్లీ, అల్లం చట్నీ తిని అమ్మ మన ఇంట్లో తిన్నట్టే ఉందంది.

అక్కడి మెకానిక్ తెలుగువాడే. ట్యాంకు గీతలు చూసి, "బాబూ, ఇది చక్రాల వెనక ఉండకూడదు. లోపలికి, రెండు ఇరుసుల మధ్యకు తెండి" అన్నాడు. ఒక పూటలో దాన్ని ఊడదీసి అమ్మ మంచం కింద బిగించాడు. 200 లీటర్లంటే 200 కిలోలు. అంత బరువు తోక నుంచి ముందుకు జరగ్గానే వెనక కమాను పట్టీలు కొంచెం తేరుకున్నాయి. ఇంకా పెద్ద టైర్లు వేయమని తమ్ముడు అడిగితే ఆయనే వారించాడు. టైరు వ్యాసం ఎంత పెరిగితే అందులో సగమే కింద ఖాళీ పెరుగుతుందట, మలుపుల్లో మడ్‌గార్డులకు రాసుకుంటుందట. అడిగిన పనికి అడిగినంతే తీసుకుని, చేయకూడని పని చేయనని చెప్పిన మనిషి ఆయన.

గుప్తేశ్వరం జయపూర్ నుంచి దాదాపు 60 కిలోమీటర్లు. రామగిరి దాటాక సాల వృక్షాల అడవి. రోడ్డు చిన్నదే గాని, పొద్దున్నే బయలుదేరితే ఎదురు బళ్లు తక్కువ. కొమ్మలు కప్పును రాస్తుంటే కప్పు లేపనందుకు నేను మనసులో మొక్కుకున్నాను. గుహలో శివలింగం, పక్కన శబరి నది, సంపెంగ చెట్ల మధ్య మెట్లు. అమ్మ కొన్ని మెట్లు ఎక్కి కూర్చుని అక్కడి నుంచే దండం పెట్టుకుంది. శివరాత్రికి, శ్రావణానికి జనం విపరీతం, పెద్ద బండితో అప్పుడు వెళ్లవద్దు.

మాచ్‌ఖండ్ వైపు డుడుమా జలపాతం దాకా కూడా వెళ్లాం. 175 మీటర్ల లోతుకు దూకే నీళ్లు. చూసే చోటు రోడ్డుకు దగ్గర కాబట్టి అమ్మ అన్నిటికన్నా ఎక్కువసేపు నిలబడింది ఇక్కడే. ఇక్కడిది ఆంధ్ర, ఒడిశా రాష్ట్రాల ఉమ్మడి విద్యుత్ కేంద్రం కావడంతో టీ కొట్టులోనూ తెలుగే. బస చేయదగ్గ చోటు మాకు దొరకలేదు, సాయంత్రానికి జయపూర్ వెనక్కి వచ్చాం.

ఈ యాత్రలో ఇంకొక సంగతి గమనించాం. పిల్లలు ఎక్కడానికని బడిబస్సు తలుపు దగ్గర మొదటి మెట్టు బాగా కిందికి ఉంటుంది, పట్టుకునే కమ్మీ కూడా తక్కువ ఎత్తులోనే. కంకర దారిలో ఆ మెట్టు రెండుసార్లు తగిలి వంగింది. తమ్ముడు కోసి పైకి బిగిస్తానన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు. "ఎవరి చేయీ పట్టుకోకుండా నేను ఎక్కగలిగేది ఆ ఒక్క మెట్టే నాయనా" అంది. రాయగడ చేరాక వెల్డరును పిలిపించి, దారిలో పైకి మడిచి, ఆగాక దించుకునేలా దానికి రెండు కీళ్లు వేయించాం.