క్లౌడ్‌కి మారి రెండేళ్లు: బడ్జెట్ అలర్ట్ ఫ్యూజు కాదండీ

క్లౌడ్ అంటే ఏమిటి, ఎందుకు మారాలి, ఎవరు ఎంత తీసుకుంటారు, ఇవన్నీ చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి నేను వాటి జోలికి పోను. మాది చెన్నై అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో పంపుల స్పేర్ పార్టుల వ్యాపారం. మొత్తం 22 మందిమి, ఐటీ మనిషంటూ ఎవరూ లేరు. 2024 ఫిబ్రవరిలో బిల్లింగూ స్టాకూ రెండూ క్లౌడ్‌కి, అంటే నెట్‌లో అద్దెకి వాడుకునే సర్వర్లకి, మార్చాం, దగ్గరుండి మార్చిపెట్టింది ఒక చిన్న కన్సల్టింగ్ సంస్థ. ఆ సంస్థ పేరూ రాయను, క్లౌడ్ పేరూ రాయను. రాస్తే ఆ కంపెనీ మంచిదా ఈ కంపెనీ మంచిదా అనే గొడవే మిగులుతుంది, నాకున్న కోపమేమో ఒకే ఒక్క సదుపాయం మీద. బడ్జెట్ అలర్ట్.

పది నెలలు వాడాక ఒకసారి తెగ పొగుడుతూ రాశాను, అది చదివినవాళ్లు ఉంటే ఇది కూడా చదవండి. అప్పటి ఉత్సాహానికి కారణం ఉంది. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుఫానుకి మా గోడౌన్‌లోకి మోకాలి లోతు నీళ్లొచ్చాయి. టేబుల్ కింద ఉన్న సర్వర్ డబ్బా తడిసింది, దాని పక్కనే ఎంతో జాగ్రత్తగా పెట్టుకున్న బ్యాకప్ హార్డ్ డిస్కూ తడిసింది. (నవ్వకండి, మీది ఎక్కడుందో ఒకసారి చూసుకోండి.) నాలుగు నెలల ఇన్‌వాయిసులు జీఎస్టీ పోర్టల్‌లోంచి కొన్ని, కస్టమర్లకి వాట్సాప్‌లో పంపిన పీడీఎఫ్‌లలోంచి కొన్ని ఏరుకుని మళ్లీ ఎక్కించుకున్నాం. మరుసటి ఏడాది నవంబర్ 30న ఫెంగల్ తుఫాను వచ్చినప్పుడు విమానాశ్రయమే మూసేశారు గానీ మా బిల్లింగ్ ఆగలేదు, అందుకే అంత పొగిడాను. అయితే ఇప్పుడు నిజం చెప్పాలంటే, ఆ రోజు బిల్లులు కొట్టింది కరెంటూ నెట్టూ రెండూ ఉన్న మా బావమరిది ఒక్కడే. మిగతావాళ్ల ఇళ్లలో కరెంటు లేదు, నా ఫోన్‌కి సిగ్నల్ లేదు. క్లౌడ్ మునగలేదు గానీ మేం మాత్రం సగం మునిగే ఉన్నాం. ఆ వాక్యం అప్పుడు రాయలేదు.

సరే, అలర్ట్ సంగతి.

మా నెల బిల్లు 31 నుంచి 34 వేల మధ్య తిరిగేది, పైన 18 శాతం జీఎస్టీ. కన్సల్టింగ్ సంస్థ తరఫున మాకు కేటాయించిన ఇంజనీరు కడప కుర్రాడు, మంచివాడు, పని తెలిసినవాడు. మొదటి వారంలోనే "అన్నా, 40 వేలకి బడ్జెట్ పెట్టేశాను, ఇంక మీకు టెన్షన్ లేదు" అన్నాడు. ఇంట్లో మెయిన్ బోర్డులో ఎంసీబీ ఉంటుంది చూడండి, లోడ్ ఎక్కువైతే టప్పున పడిపోతుంది, నేను అదే అనుకున్నాను. 40 వేలు దాటగానే ఏదో ఒకటి ఆగిపోతుందని. ఏదీ ఆగదు. ఒక మెయిల్ వస్తుంది, అంతే. ఏ పెద్ద క్లౌడ్‌లోనైనా, వాడినంతకి డబ్బు కట్టే ఖాతా అయితే, మనంతట మనం వేరే ఏర్పాటు చేసుకుంటే తప్ప ఇదే పద్ధతి. పైగా మెయిల్ కూడా అప్పటికప్పుడు రాదు, ఖర్చు లెక్క కొన్ని గంటలు వెనకబడి నడుస్తుంది. దొంగలు పడిన ఆరు నెలలకి కుక్కలు మొరిగినట్టు అని మా నాయనమ్మ అనేది, ఇక్కడ ఆరు నెలలు కాదు ఆరేడు గంటలు, అంతే తేడా.

ఇంకో తప్పు మాది. బడ్జెట్‌లో 80 శాతం అంటే 32 వేలకి అలర్ట్. మాకు మామూలుగా అయ్యేదే అంత! అందుకని దాదాపు ప్రతి నెలా ఆఖర్లో ఆ మెయిల్ వచ్చేది. మొదటి రెండు నెలలు హడావిడిగా తెరిచి చూశాం, తర్వాత కరెంటు బిల్లు మెసేజ్‌లాగా అయిపోయింది.

2025 సంక్రాంతికి ఆఫీసు మూసి అందరం నెల్లూరు వెళ్లాం. మా స్టాక్ ప్రోగ్రామ్ రాసిపెట్టే ఫ్రీలాన్సర్ ఒకతను బెంగళూరులో ఉంటాడు. పండగ రోజు రాత్రి ఖాళీ దొరికిందని కోడ్ సర్దుకుంటూ దాన్ని గిట్‌హబ్‌లో, అంటే కోడ్ దాచుకునే వెబ్‌సైట్‌లో, పెట్టాడు, ప్రైవేట్‌గా పెట్టాననుకుని పబ్లిక్‌గా పెట్టాడు. ఆ కోడ్‌లో ఒక సెట్టింగుల ఫైలు, ఆ ఫైల్లో మా క్లౌడ్ యాక్సెస్ కీ, అంటే మా ఖాతాలోకి ప్రోగ్రాములు వెళ్లే పాస్‌వర్డ్ లాంటిది. ఇలాంటి కీల కోసమే రాత్రీ పగలూ వాటంతట అవే వెతుకుతూ తిరిగే ప్రోగ్రాములు, బాట్‌లు, ఉంటాయట, వాటికి దొరకడానికి నిమిషాలు చాలు. మా ప్రోగ్రామ్ చేసే పనల్లా ఇన్‌వాయిస్ పీడీఎఫ్‌లని స్టోరేజ్‌లో పడేయడం. దానికి ఆ ఒక్క ఫోల్డర్‌లో రాసే అనుమతి ఉంటే సరిపోతుంది. కానీ మారే హడావిడిలో "ప్రస్తుతానికి" అని అడ్మిన్ అనుమతులన్నీ ఉన్న కీ ఇచ్చేశారు, ఆ ప్రస్తుతం పదకొండు నెలలు సాగింది.

కనుమ రోజు పొద్దున ఏడింటికి మెయిల్ వచ్చింది. వచ్చిందని నాకు ఎలా తెలుసంటే, మా బావమరిది ఇడ్లీ తింటూ ఫోన్ చూసి, "బావా, క్లౌడ్ వాడి మెయిల్, ఆ నెలనెలా వచ్చేదే" అని పక్కన పెట్టాడు. నేనూ ఊఁ అన్నాను. ఆ రోజు తారీఖు 15 అని, నెలాఖరు మెయిల్ నెల మధ్యలో ఎందుకొచ్చిందని ఇద్దరిలో ఒక్కడికీ తట్టలేదు. మధ్యాహ్నం ఇంకోటి వచ్చింది, 100 శాతం అని. అప్పటికి అందరం పడుకుని ఉన్నాం. దీనికి ముందే, రాత్రే, "మీ కీ బయటపడినట్టుంది, వెంటనే మార్చండి" అని క్లౌడ్ కంపెనీ వేరే మెయిల్ కూడా పంపింది. అది ఖాతా తెరిచినప్పుడు కన్సల్టింగ్ వాళ్లు సృష్టించిన మెయిల్ ఐడీకి వెళ్లింది, పండగ సెలవుల్లో దాన్ని తెరిచే నాథుడు లేడు.

16 సాయంత్రం ఆ కడప కుర్రాడే ఫోన్ చేశాడు, ఊరి నుంచి బస్సులో తిరిగొస్తూ. "అన్నా, మీరేమైనా కొత్త ప్రాజెక్ట్ మొదలుపెట్టారా?" అని. ఆ గొంతులోనే అర్థమైపోయింది.

నేను లాప్‌టాప్ తెరిచి చూస్తే అంతా మామూలుగానే ఉంది. మా రెండు సర్వర్లు, మా డేటాబేస్, అంతే. ఏమీ లేదు కదా తమ్ముడూ అంటే, "మీరు చూస్తున్నది ముంబై పేజీ అన్నా, పైన మూల రీజియన్ మార్చి చూడండి" అన్నాడు. రీజియన్ అంటే సర్వర్లు ఉండే ప్రాంతం. మార్చాను. మేం ఎప్పుడూ పేరు కూడా వినని చోట్ల, మూడు దేశాల్లో, గ్రాఫిక్స్ కార్డులున్న పెద్ద పెద్ద సర్వర్లు డజన్ల కొద్దీ నడుస్తున్నాయి, క్రిప్టో మైనింగ్‌కి, అంటే బిట్‌కాయిన్ లాంటి డిజిటల్ డబ్బు సంపాదించుకోడానికి. ఎలా ఉందంటే, మన ఇంటికి వేసిన తాళం వేసినట్టే ఉంది, కానీ ఎవడో మన పేరు మీద ఇంకో ఊళ్లో మూడు బంగళాలు అద్దెకి తీసుకుని అన్ని గదుల్లో ఏసీలు వేసుకుని కూర్చున్నాడు. రాత్రి రెండింటి దాకా కుర్రాడు ఒక్కో రీజియన్‌కి వెళ్లి వెతికి తీసేస్తూనే ఉన్నాడు. ముందు కీ రద్దు చేశాడు, తర్వాత ఆ దొంగ కొత్తగా సృష్టించుకున్న ఇంకో రెండు యూజర్లని పట్టుకున్నాడు, ఆ తర్వాతే సర్వర్లు. ఈ వరస ముఖ్యమట, సర్వర్లు ముందు తీసేస్తే వాడు మళ్లీ పెట్టేస్తాడు.

లెక్క తేలితే 4,12,000 రూపాయలు, జీఎస్టీ కాకుండా. రెండు రోజులు కూడా నిండలేదు.

మధ్యలో ఇంకో సంగతి తెలిసింది. ఇలాంటిది జరిగితే గమనించిన 6 గంటల్లోపు సర్ట్-ఇన్‌కి, అంటే కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థకి, తెలియజేయాలి, 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాల్లో ఉంది, లాగ్‌లు, అంటే ఎవరు ఎప్పుడు ఏం చేశారో నమోదయ్యే చిట్టాలు, కూడా 180 రోజులవి దాచుకోవాలి. మా క్లౌడ్‌లో విడిగా దాచే ఏర్పాటు చేసుకోకపోతే కనిపించే చరిత్ర 90 రోజులదే. మేం చేసుకోలేదు. తెల్లవారకముందే మెయిల్ అయితే పంపించాం, లాగ్‌ల సంగతి మాత్రం ఆ తర్వాత సరిచేసుకున్నాం.

బిల్లు గురించి క్లౌడ్ కంపెనీతో ఐదు వారాలు నడిచింది. కీలన్నీ మార్చారా, మెయిన్ ఖాతాకి రెండో తాళం, అదే ఎంఎఫ్‌ఏ, పెట్టారా అని అడిగిందే అడిగి, చివరికి 3,40,000 మాఫీ చేశారు. ఈ ఒక్కసారికి అన్న ధోరణిలోనే రాశారు. మిగతా 72 వేలూ దాని మీద జీఎస్టీ నేను కట్టాను. మాఫీ కాకపోయి ఉంటే ఈ సమీక్ష ఇంత నిదానంగా ఉండేది కాదు, అది ఒప్పుకుంటాను.

తప్పెవరిది అని ఆఫీసులో చాలా రోజులు నడిచింది. బావమరిది ఫ్రీలాన్సర్‌ని అన్నాడు, ఫ్రీలాన్సర్ అడ్మిన్ కీ ఇచ్చినవాళ్లని అన్నాడు, కన్సల్టింగ్ సంస్థ పెద్దాయన నాకు ఒప్పందం కాగితం చూపించి బ్యాంకు లాకర్ పోలిక చెప్పాడు. గది, గోడ, కాపలా బ్యాంకువి, తాళంచెవి మీది, దాన్ని మీరు ఎవరికిచ్చారో బ్యాంకుకి సంబంధం లేదు అని. పోలిక సరిగ్గానే ఉంది. కానీ స్వామీ, తాళంచెవులు చేయించి పంచింది మీ మనిషే కదా అన్నాను. ఆయన ఆ నెల ఫీజు తీసుకోలేదు, నేనూ ఇంక లాగలేదు.

బడ్జెట్ దాటగానే ఆగిపోయేట్టు ఎందుకు పెట్టరు అని కుర్రాడిని చాలాసార్లు అడిగాను. "నెలాఖరు రోజు మీ లారీ లోడింగ్‌లో ఉండగా బడ్జెట్ దాటిందని బిల్లింగ్ సర్వర్ ఆపేస్తే నన్ను బతకనిస్తారా అన్నా?" అన్నాడు. నిజమే, బతకనివ్వను. సర్వర్ ఆపినా డిస్కుల అద్దె ఆగదు, డిస్కులు కూడా తీసేస్తే మన డేటానే పోతుంది. కాబట్టి వాళ్ల వైపు న్యాయం ఉంది. నా ఫిర్యాదల్లా దానికి బడ్జెట్ అని పేరు పెట్టడం మీద. నాలాంటి వ్యాపారికి బడ్జెట్ అంటే ఇంతకు మించి ఖర్చు పెట్టం అని అర్థం.

ఇప్పుడు మా ఏర్పాటు వేరు. ప్రోగ్రామ్‌కి శాశ్వత కీ తీసేశారు, సర్వర్‌కే ఆ ఒక్క ఫోల్డర్‌లో రాసే అనుమతి ఇచ్చారు, చెరిపే అనుమతి లేదు. ఇండియా బయట ఏ రీజియన్‌లోనూ ఏదీ మొదలుపెట్టకుండా మూసేశారు, నా లెక్కలో అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడింది ఇదే, అరగంట పని, మొదటి రోజే చేయాల్సింది. మెయిన్ ఖాతా మెయిల్ మా సొంత డొమైన్‌ది. నెల బడ్జెట్ కాకుండా రోజు ఖర్చు చూస్తాం: మామూలుగా 1,100 లోపు, 2,000 దాటితే ముగ్గురి ఫోన్లూ మోగుతాయి. నెల ఖర్చు 60 వేలు దాటితే కొత్త సర్వర్లు మొదలవకుండా అడ్డుపడే ఆటోమేటిక్ చర్య ఒకటి కూడా పెట్టించాను, ఫ్యూజుకి కాస్త దగ్గరగా వచ్చేది ఇదొక్కటే. అయితే అదీ ఆ వెనకబడిన లెక్క మీదే ఆధారపడుతుంది కాబట్టి నెమ్మదిగా పడే ఫ్యూజు అనుకోండి.

ఆడిటర్ గారి పుణ్యమా అని ఇంకోటి కూడా బయటపడింది. కంపెనీ లెక్కల పుస్తకాల బ్యాకప్ రోజూ తీయాలి, అది ఇండియాలోనే ఉన్న సర్వర్‌లో ఉండాలి, 2022 ఆగస్టు సవరణ తర్వాత నిబంధన అది. మా రెండో నకలు సింగపూర్‌లో ఉంది! మార్పించాం. అలాగే బ్యాకప్ నుంచి తిరిగి తెచ్చి చూసే ట్రయల్ మూడు నెలలకోసారి చేస్తున్నాం. మొదటి ట్రయల్‌లో డేటాబేస్ చక్కగా వచ్చింది, పంపుల డ్రాయింగుల ఫోల్డర్ మాత్రం అసలు బ్యాకప్ జాబితాలోనే లేదని తేలింది. "అంతా సేఫ్" అని నేను పోయినసారి రాసింది ఆ ఫోల్డర్ లేని బ్యాకప్ గురించే.

మరి మారమంటారా అంటే, మా సంగతి వేరు. మాకు నీళ్లొస్తాయి, మూడు చోట్ల నుంచి బిల్లులు కొట్టాలి, కాబట్టి నేను వెనక్కి పోను. ఒకే కొట్టు, ఒకే కంప్యూటర్, పైఅంతస్తు అయితే అంత తొందరపడక్కర్లేదేమో, రెండు డిస్కులు రెండు ఇళ్లలో పెట్టుకున్నా నడుస్తుంది. కన్సల్టింగ్ వాళ్లతో ఒప్పందం పొడిగించాను, ఏడాదికి బదులు ఆరు నెలలకి. కుర్రాడు ఉన్నన్నాళ్లు ఫరవాలేదు, వెళ్లిపోతే మళ్లీ ఆలోచిస్తాను.

మొన్న కనుమకి కూడా నెల్లూరులోనే ఉన్నాం. బావమరిది ఇడ్లీ మధ్యలో చెయ్యి కడుక్కుని లేచి ఫోన్ తెరిచాడు. నిన్నటి ఖర్చు 980. మళ్లీ వచ్చి కూర్చుని ఇంకో రెండు వేయించుకున్నాడు.