షిరిడీ వెళ్తే అహ్మద్‌నగర్‌లో యుద్ధ ట్యాంకుల మ్యూజియం కూడా చూసి రండి

మనవాళ్ళు నాగర్‌సోల్ రైలెక్కి షిరిడీ వెళ్తారు, బాబా దర్శనం, శని శింగణాపూర్, ఓపికుంటే ఎల్లోరా, అంతే. శింగణాపూర్ దాకా వెళ్ళాక ఇంకో గంట కారులో కూర్చుంటే అహ్మద్‌నగర్ వస్తుంది (2024లో అహిల్యానగర్ అని పేరు మార్చారు, జనం నోట్లో మాత్రం ఇంకా నగరే). అక్కడి కంటోన్మెంట్‌లో 1994లో ఆర్మీవాళ్ళు పెట్టిన కావల్రీ ట్యాంక్ మ్యూజియం ఉంది. ఆరుబయట చెట్ల మధ్య మొదటి ప్రపంచ యుద్ధం నాటి రోల్స్ రాయిస్ సాయుధ కారు నుంచి చెన్నై పక్కన ఆవడిలో తయారైన విజయంత ట్యాంకు దాకా వరసగా నిలబెట్టారు.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మాత్రం రెండో ప్రపంచ యుద్ధం నాటి జపాన్‌వాళ్ళ హా-గో అనే బుల్లి ట్యాంకు. బరువు ఏడున్నర టన్నులు కూడా ఉండదు, కవచం ఎంత మందంగా ఉన్నచోటైనా 12 మిల్లీమీటర్లే, అంటే మన చిటికెన వేలంత! లోపల ముగ్గురు పట్టాలి, పైన టరెట్‌లో (ఫిరంగి బిగించిన, గుండ్రంగా తిరిగే భాగం) ఒక్కడే గుండు పెట్టుకోవాలి, గురి చూడాలి, కాల్చాలి, మళ్ళీ మిగతా ఇద్దరికీ ఆర్డర్లు కూడా వాడే ఇవ్వాలి. అది చూసి 1965లో పాకిస్తాన్ దగ్గర పట్టుకున్న అమెరికా తయారీ ప్యాటన్ ట్యాంకు దగ్గరికి వెళ్ళండి, 46 టన్నులు, ఇరవై ఏళ్ళలో ట్యాంకు ఎంత మారిపోయిందో ఎవరూ చెప్పక్కర్లేదు. పిల్లలుంటే 1965, 1971 యుద్ధాల గురించి దారిలోనే నాలుగు ముక్కలు చెప్పండి, లేకపోతే అన్నీ ఒకేలా కనిపించి అరగంటకే ఐస్‌క్రీమ్ గోల మొదలవుతుంది. ఎండాకాలంలో పొద్దున్నే వెళ్ళడం మేలు, ఆ ఇనుము మీద చెయ్యి పెట్టలేం.

నగర్ కోట కూడా ఆర్మీ చేతిలోనే ఉంది, లోపలికి ఎప్పుడు పంపిస్తారో ముందే కనుక్కోండి. క్విట్ ఇండియా రోజుల్లో నెహ్రూతో పాటు మన పట్టాభి సీతారామయ్య గారిని కూడా బంధించింది ఇక్కడే. నాకైతే మ్యూజియం కంటే ఇదే ఎక్కువ పట్టేసింది.

బస మాత్రం షిరిడీలోనే పెట్టుకోండి. నగర్ బస్టాండ్ దగ్గర మేం దిగిన లాడ్జిలో రాత్రంతా హారన్ల మోత, వేడినీళ్ళు అడిగితే పొద్దున ఏడు దాటాక అన్నారు. షిరిడీలో అయితే రూములు దండిగా దొరుకుతాయి, సాంబారన్నం పెట్టే మన మెస్సులూ ఉన్నాయి. నగర్‌లో మధ్యాహ్నానికి మిసళ్ పావ్ తినేసి బయల్దేరితే సాయంత్రం హారతికి వెనక్కి వచ్చేయొచ్చు, కాకపోతే ఆ రోడ్డు మీద లారీలు ఎక్కువ, కాస్త ముందే కదలండి.