ఏసీ బొక్క మూయించుకునే కడపవాళ్లు జాగ్రత్త!

విండో ఏసీ తీసేసి స్ప్లిట్ ఏసీ పెట్టుకున్నవాళ్లు ఇది తప్పకుండా చదవండి. మాది చిన్నచౌక్. పడమటి గోడకు మిగిలిపోయిన ఏసీ బొక్కను మూయించడానికి ఒక బేల్దారి మేస్త్రిని పిలిచాం. చిన్న చిన్న రిపేర్లకు అందరూ పిలిచే మనిషే, మీలో చాలామందికి తెలుసు. సామాను, కూలి కలిపి 7,000 అన్నాడు. బేరమాడకుండా ఇచ్చేశాం. సాయంత్రానికల్లా నున్నగా పూత పూసి వెళ్లిపోయాడు.

మొదటి పెద్ద వానకే లోపలి గోడంతా చెమ్మ పాకింది. పెయింటు పొక్కులొచ్చి రాలింది. సరిగ్గా దాని కిందే స్విచ్ బోర్డు ఉంది. మా అత్తమ్మ ఫ్యాన్ వేయబోతే చెయ్యి జివ్వుమంది. ఆమెకు డెబ్బై దాటాయి. వెంటనే మెయిన్ ఆపేశాం. ఆ టెన్షన్ ఇప్పటికీ పోలేదు.

గోడను తట్టి చూస్తే డొల్ల శబ్దం. మా ఆయన ఉలి పెట్టి కొట్టగానే పూత పెచ్చులుగా ఊడింది. లోపల చుట్టిపెట్టిన ఖాళీ సిమెంటు సంచులు, థర్మాకోల్, విరిగిన ఇటుక ముక్కలు! బయటివైపు ఒక్క సగం ఇటుక వరస నిలబెట్టాడు. అదీ పాత గోడకు ఎక్కడా అతకలేదు, పై అంచున వేలు దూరేంత సందు. వాన నీళ్లన్నీ అందులోంచే దిగాయి.

ఫోన్ చేస్తే ఎత్తలేదు. మా మరిది వెళ్లి పిలుచుకొచ్చాడు. ఆ సంచులు చేతిలో పెట్టి అడిగితే, మా అత్తమ్మ ముందే ఏమన్నాడో తెలుసా? "లోపల ఏముంటే మీకేందక్కా, బయటికి గోడ మాదిరి కనపడ్తాంది కదా." షాక్ కొట్టిందని చెబితే, "కరెంటోళ్లను పిల్చుకోండి, నాకేం సంబంధం" అని బండి స్టార్ట్ చేసుకుని పోయాడు. డబ్బు పోయినందుకు కాదు, ఆ మాటకు నా ఒళ్లు మండిపోతోంది. ముసలామె ప్రాణానికి ముప్పు తెచ్చి, కనీసం "అయ్యో" అనలేదు.

ఇప్పుడు వేరే మేస్త్రి మొదటినుంచి చేస్తున్నాడు. బొక్క అంచుల్లో పాత ఇటుకలను ఒక వరస విడిచి ఒక వరస తీసి, కొత్త ఇటుకలను వాటిలోకి దూర్చి కడుతున్నాడు. గోడ 9 అంగుళాలైతే పూడ్చేదీ 9 అంగుళాలే ఉండాలంటాడు. ఇటుకలను ముందే నీళ్లలో నానబెట్టాడు, లేకపోతే మాలులోని తడిని అవే పీల్చేస్తాయి. మాలు ఒక పాలు సిమెంటుకు ఆరు పాళ్లు ఇసుక. పాత గోడ, కొత్త గోడ కలిసేచోట ఇనుప జాలీ కొట్టి దాని మీద పూత పూస్తాడట, అప్పుడు బీట పడే అవకాశం తక్కువ. పూత అయ్యాక కనీసం వారం రోజులు తడపాలి. మన కడప ఎండకు పడమటి గోడ ఎంత త్వరగా ఆరిపోతుందో చెప్పక్కర్లేదు.

మీరూ పూత పూయకముందే కట్టుబడిని కళ్లారా చూసి ఫోటో తీసుకోండి. మిగతా డబ్బు ఆ తర్వాతే ఇవ్వండి. గోడలో పాత ఏసీ వైరు ఉంటే ముందు ఎలక్ట్రీషియన్‌తో తీయించండి. ఆ మేస్త్రి ఎవరో అనుమానంగా ఉంటే నన్ను అడగండి, పేరు విడిగా చెబుతాను.